పగ తీరిన మర్నాడు

తెలుగు సినిమాలో కథానాయకుడు కత్తి పట్టడానికి ముందు ఎక్కడో ఒక పసివాడు ఏడ్చి ఉంటాడు. కళ్లముందే తల్లిదండ్రులు కూలిపోతారు. ఇల్లు మండిపోతుంది. నమ్మిన బంటు ఒకడు ఆ బిడ్డను భుజాన వేసుకుని ఊరు దాటిస్తాడు. ఏళ్లు గడిచాక ఆ పిల్లవాడే పెరిగి పెద్దవాడై తిరిగొచ్చి బాకీ తీర్చుకుంటాడు. 2002లో వచ్చిన ‘ఆది’లో ఆ పసివాడు అప్పటికప్పుడే శత్రువుల మీద బాంబు విసురుతాడు, థియేటర్ ఈలలతో మారుమోగింది. ఆ వయసు పిల్లవాడికి అంతకుముందు క్షణంలో ఏం జరిగిందో తలచుకునే వ్యవధి కథ మనకివ్వలేదు. ఆ తర్వాత ఎన్ని రాత్రులు అతను నిద్రలో కేకలు పెట్టాడో, ఎన్నాళ్లు మాట పెగలక గడిపాడో మనకు తెలియదు. ఫ్లాష్‌బ్యాక్ ముగిసేసరికి అతను ఆరడుగుల వీరుడు. మానసిక గాయాన్ని పగకు పెట్టుబడిగా వాడుకుని, పగ తీరగానే గాయం కూడా మానిపోయినట్టు చూపే ఈ అలవాటు మన కథలకూ, వాటిని చూసి బతుకును అర్థం చేసుకునే మనకూ నష్టం చేస్తోంది. గాయపడిన మనిషి అసలు కథ పగ తీరిన మర్నాడు మొదలవుతుంది. ఈ సంగతి మన సాహిత్యానికి శతాబ్దాలుగా తెలుసు. మరిచిపోయింది మనమే.

ముందు వైద్యం ఏమంటోందో చూద్దాం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో పోస్ట్ ట్రమాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌ను తొలిసారి చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వారి తరఫున గొంతెత్తిన వైద్యులు చేసిన ఒత్తిడి అందుకు ఒక ముఖ్య కారణం. ఎప్పుడో జరిగిపోయింది ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్లకు కట్టడం, దాన్ని గుర్తుచేసే చోట్లకూ మనుషులకూ దూరంగా మసలుకోవడం, తన మీదా లోకం మీదా నమ్మకం పోవడం, చిన్న చప్పుడుకే ఒళ్లంతా ఉలిక్కిపడటం దాని ముఖ్య లక్షణాలు. ఇవి నెల దాటి కొనసాగితేనే ఆ పేరు పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం జీవితకాలంలో మనసును గాయపరచగల ఘటన ఏదో ఒకటి ఎదుర్కొనేవారు దాదాపు 70 శాతం. వారిలో ఈ రుగ్మత పాలయ్యేవారు 5.6 శాతం. అంటే గాయం చాలా మామూలు సంగతి, దాని ఫలితం మాత్రం మనిషి మనిషికీ వేరు. పక్కన ఎవరున్నారు, చెప్పుకుంటే నమ్మారా లేదా, మళ్లీ అదే ప్రమాదం పొంచి ఉందా అన్న ప్రశ్నలు ఘటనంత బరువైనవి. ఒక్క సంఘటన చూపించి మనిషి మొత్తాన్ని వివరించేశామనుకునే కథ ఇక్కడే తప్పటడుగు వేస్తుంది.

గాయం ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలోనూ మన తెర మనల్ని పక్కదారి పట్టిస్తోంది. సినిమాలో అది బయటి నుంచి వస్తుంది. సుమోలు దిగి, కొడవళ్లు పట్టుకుని, గడప దాటి వస్తుంది. అయితే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించి 2007లో వెలువరించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు తాము ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. ఆ పని చేసినవారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకమున్న స్థానాల్లో ఉన్నవాళ్లు. ఈ దేశంలో పసిమనసు గాయాల్లో పెద్ద భాగం గడపకు లోపలే తగులుతోంది. ఆ గాయానికి ప్రతినాయకుడెవరంటే పండక్కి కొత్తబట్టలు తెచ్చే బంధువు కావచ్చు, చదువు చెప్పే మాస్టారు కావచ్చు. అతన్ని చంపి వచ్చే కథానాయకుడు అక్కడ ఉండడు. అసలు ఆ మాట పైకి చెప్పడమే ఆ ఇంట్లో యుద్ధం. ప్రశాంత్ వర్మ 2018లో తీసిన ‘అ!’ బాల్యంలో లైంగిక హింసకు గురైన ఒక స్త్రీ మనసు లోపలే కథనంతా నడిపి ఈ నిజం వైపు చూసింది. అలాంటి ప్రయత్నాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉండటం మన కథకులు ఆలోచించవలసిన విషయం.

ఇక పర్యవసానం. గాయపడినవాడు హంతకుడవుతాడన్నది మన థ్రిల్లర్లకు ఇంచుమించు సూత్రం. 2019 నాటి ‘రాక్షసుడు’లో అరుదైన జబ్బు వల్ల స్కూల్లో ఎదురైన అవమానం ఒకడిని అమ్మాయిలను వేటాడే హంతకుణ్ణి చేస్తుంది. 2005లో తెలుగులో విజయం సాధించిన అనువాద చిత్రం ‘అపరిచితుడు’లో చిన్నతనంలో చెల్లెలి చావు చూసిన మెత్తనివాడు లోపల మరో మనిషిని పెంచుకుని, నిర్లక్ష్యం చేసినవాళ్లను వరసగా చంపుతాడు. చికిత్స ముగిశాక కూడా ఆ హంతకుడు లోపలే నిలిచి ఉండటాన్ని సినిమా విజయంగా చూపి ముగిస్తుంది. మొదటిదాంట్లో గాయం మనిషిని రాక్షసుణ్ణి చేసింది, రెండోదాంట్లో అవతారపురుషుణ్ణి చేసింది. రెంటిలోనూ గాయపడిన మనిషి మామూలు మనిషిగా మిగలడు. వాస్తవం ఇంత నాటకీయంగా లేదు. బాల్యంలో హింసకు, నిరాదరణకు గురైనవారిని పెద్దయ్యేదాకా గమనించిన అమెరికన్ పరిశోధకురాలు క్యాథీ విడమ్ 1989లో వెలువరించిన అధ్యయనం, వారిలో నేరాల వైపు వెళ్లే ప్రమాదం కొంత ఎక్కువన్నది నిజమేనని చెప్పింది. అదే అధ్యయనం వారిలో అత్యధికులు నేరస్థులు కాలేదని కూడా తేల్చింది. ఆ అత్యధికుల కథ మనకెవరూ చెప్పడం లేదు. ఉద్యోగానికి వెళ్తూ, పిల్లలను పెంచుతూ, లోపలి భయాన్ని ఎవరి మీదికీ విసరకుండా రోజు గడిపేవాళ్లు వాళ్లు. వాళ్ల ఓర్పులో ఉన్న ధైర్యం ఏ ఫైట్ సీనుకూ తీసిపోదు.

చికిత్స దగ్గరికొస్తే కథలకు తొందర ఇంకా ఎక్కువ. ‘చంద్రముఖి’లో గంగకు పట్టిన జబ్బు ఒక్క రాత్రిలో, శత్రువు బొమ్మను నరికి తగలబెట్టే ఏర్పాటుతో వదిలిపోతుంది. పగ తీరితే మనసు కుదుటపడుతుందన్న నమ్మకం అక్కడ వైద్యుడి నోటి నుంచే వస్తుంది. ఇదే దృశ్యానికి పూర్వరూపం భారతంలో ఉంది. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు భీముణ్ణి కౌగిలించుకుంటానంటే కృష్ణుడు ఇనుప ప్రతిమను ముందు నిలబెడతాడు; నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న తండ్రి దాన్ని నలిపి ముక్కలు చేస్తాడు. చంపాననుకుని మరుక్షణం ఏడుస్తాడు కూడా. సినిమా అయితే అక్కడితో శుభం కార్డు పడేది. భారతం మాత్రం ఆ ముసలివాడి వెంట ఇంకా పదిహేనేళ్లు నడుస్తుంది. కొడుకులను చంపినవాళ్ల ఇంట్లో, వాళ్లు పెట్టే తిండి తింటూ, భీముడి సూటిపోటి మాటలు వింటూ గడిపిన పదిహేనేళ్లు అవి. చివరికి అడవికి వెళ్లాక, వ్యాసుడు గంగ ఒడ్డున చనిపోయినవారిని ఒక్క రాత్రికి మళ్లీ చూపిస్తాడు. యుద్ధం పద్దెనిమిది రోజుల్లో ముగిసింది కానీ దాని నొప్పి ఇన్నేళ్లకూ ముగియలేదని ఆశ్రమవాసపర్వం చెబుతోంది. బొమ్మను నలపడంతో శోకం తీరదని ఇతిహాసకర్తకు తెలుసు.

తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో యుద్ధపర్వాలు అయిదే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం యుద్ధం తర్వాతి సంగతులు. ఈ నిష్పత్తిలోనే ఒక పాఠం ఉంది. గెలిచిన ధర్మరాజు శాంతిపర్వం మొదట్లో రాజ్యం వద్దంటాడు. కర్ణుడు తన అన్న అని తెలిశాక ఆ గెలుపు అతనికి విషమవుతుంది. తమ్ముళ్లు వాదిస్తారు, ద్రౌపది కోప్పడుతుంది, కృష్ణుడూ వ్యాసుడూ నచ్చజెబుతారు. సింహాసనం ఎక్కాక కూడా అతని శోకం తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. గెలుపే మందైతే ధర్మరాజుకు అంత ఓదార్పు అవసరం లేకపోయేది. రెండో వైపు అశ్వత్థామను చూడండి. తండ్రి అబద్ధం విని ఆయుధం వదిలేసి చనిపోయాడు. ఆ కొడుకు కోపానికి కారణం లేదని ఎవరూ అనలేరు. అతను పగ తీర్చుకున్నాడు. నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ణీ ఉపపాండవులనూ చంపాడు. దాని ఫలితం ఊరట కాలేదు, శిరోమణి పోయి నెత్తురూ చీమూ కారుతూ తోడు లేకుండా వేల ఏళ్లు తిరగమన్న శాపమయింది. అశ్వత్థామ బాధను కవి దాచలేదు, అతని పనిని క్షమించనూ లేదు. ఈ రెండూ ఒకేసారి చేయగలగడమే గొప్ప కథకుడి పని. మన సినిమాలు బాధను చూపించి తప్పును మాఫీ చేయిస్తున్నాయి.

పాతకాలపు పాత్రలకు కొత్త రోగాల పేర్లు తగిలించడం సరికాదని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే, ధర్మరాజుకు మందుల చీటీ రాయడం హాస్యాస్పదం. అయితే ఇక్కడ జరిగింది తిరగబడిన ప్రయాణం. బోస్టన్‌లో వియత్నాం సైనికులకు చికిత్స చేసిన సైకియాట్రిస్టు జోనథన్ షే 1994లో ‘అకిలీస్ ఇన్ వియత్నాం’ అనే పుస్తకం రాశాడు. తన రోగులు చెబుతున్నదాన్ని తన వృత్తి సరిగా వినడం లేదని, గ్రీకు కవి హోమర్ ఎప్పుడో విన్నాడని అతను గ్రహించాడు. న్యాయమనుకున్నదాన్ని తమ పైవాళ్లే తుంగలో తొక్కితే సైనికుడి లోపల ఏం విరుగుతుందో ‘ఇలియడ్’ అతనికి చూపింది. అలాగే వర్జీనియా ఉల్ఫ్ 1925లో ‘మిసెస్ డాలొవే’ నవలలో సెప్టిమస్ అనే సైనికుణ్ణి సృష్టించింది. యుద్ధంలో స్నేహితుడు ఎవాన్స్ చనిపోయినప్పుడు అతనికి ఏడుపు రాలేదు. ఆ తర్వాత లండన్ పార్కులో కూర్చున్నా ఎవాన్స్ కనిపిస్తూనే ఉంటాడు. అతనికేమీ లేదని ఒక డాక్టరు కొట్టిపారేస్తాడు, ఇంకొకడు ఇంటివాళ్లకు దూరంగా పంపించేయాలంటాడు. రుగ్మతకు వైద్యం పేరు పెట్టడానికి 55 ఏళ్ల ముందు ఒక నవలా రచయిత్రి దాన్ని లోపలి నుంచి రాసింది. కథ వైద్యాన్ని అనుసరించనక్కర్లేదు. శ్రద్ధగా చూస్తే దానికి దారి చూపగలదు.

అంత దూరం వెళ్లనక్కర్లేదు కూడా. తెలుగు నవల ఈ పని స్వాతంత్ర్యం వచ్చే నాటికే మొదలుపెట్టింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు మీద ఎవరూ కత్తి ఎత్తలేదు. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట ఒక్కటే అతని నెత్తిన ఉంది. ఆ మాటకు తగ్గట్టు ఖర్చుపెట్టి, ఆస్తి కరిగాక ఎవరి ముందూ తలవంచలేక, చేతనైన పని ఏదీ లేక, భార్యను మాటలతో హింసిస్తూ చివరికి తనను తాను చీల్చుకుని పోతాడు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి మనసుకు తగిలిన దెబ్బ తల్లి శీలం గురించి లోకం అనుకునే మాట. అతను డాక్టరై ఊళ్లు మారినా ఆ మాట అతనికంటే ముందే అక్కడికి చేరుతుంది; ప్రేమించే ప్రతి స్త్రీకీ అతనికీ మధ్య ఆ తల్లి నీడ నిలుస్తుంది. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్యకు ఎదుటి మనిషి గొంతు పెరిగితే చాలు, చెమటలు పడతాయి. ఈ మూడు నవలల్లోనూ గాయం ఒక అధ్యాయంలో చెప్పి వదిలేసే రహస్యం కాదు. అది మాట్లాడే తీరులో, డబ్బు ఖర్చుపెట్టే తీరులో, భార్య ముఖం చూసే తీరులో ఉంటుంది. పాఠకుడు ఆ పాత్రలను చూసి జాలిపడతాడు, విసుక్కుంటాడు, కొన్నిసార్లు అసహ్యించుకుంటాడు. వాళ్ల కారణాలు తెలిసినా వాళ్ల తప్పులను మాఫీ చేయడు. పూర్తి మనిషి చేతికి చిక్కాడనడానికి అదే గుర్తు.

సినిమాకూ నవలకూ పోలికేమిటి, టికెట్ కొన్నవాడికి రెండున్నర గంటలు వినోదం కావాలి గదా అన్నది తర్వాతి అభ్యంతరం. ఆ వాదన తెలుగు ప్రేక్షకుణ్ణి తక్కువ చేస్తుంది. 2018లో త్రివిక్రమ్ తీసిన ‘అరవింద సమేత వీర రాఘవ’ పూర్తిగా ఫ్యాక్షన్ సినిమా, పెద్ద హీరో సినిమా. మిగతా సినిమాలు ముగింపుకు దాచుకునే ఊచకోతను అది మొదట్లోనే పెట్టేసింది. తండ్రిని పోగొట్టుకుని, రక్తంలో తడిసి ఇంటికొచ్చిన కొడుకును నానమ్మ నిలదీసిన తర్వాతే అసలు కథ మొదలవుతుంది. చంపడం ఎలా అన్నది కాకుండా, ఆపడం ఎలా అన్నది ఆ సినిమా ప్రశ్న. భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆడవాళ్ల మాటకు అందులో బరువుంది. జనం దాన్ని తిరస్కరించలేదు, నెత్తిన పెట్టుకున్నారు. అంతకు నాలుగేళ్ల ముందు సుకుమార్ ‘1: నేనొక్కడినే’లో గౌతమ్ లేని శత్రువును చూసి, కొట్టి, చంపేశానని పోలీసుల ముందు లొంగిపోతాడు. పగ ఎన్నిసార్లు తీరినా మనసు దాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపిస్తుందన్న నిజాన్ని అది సినిమా భాషలోనే చెప్పింది. ఉత్కంఠ తగ్గకుండానే ఈ పని చేయవచ్చనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది. అన్యాయానికి గురైనవాడికి కోర్టుల్లో న్యాయం దొరకని సమాజంలో, తెర మీదైనా ప్రతీకారం తీరితే ఆ ఊరట కూడా లాగేసుకుంటారా అని అడిగేవారున్నారు. ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను. బాధితుడికి క్షమించాల్సిన బాధ్యత ఉందని చెప్పే హక్కు బయటివాళ్లెవరికీ లేదు. భారతంలో ద్రౌపది కొడుకులను చంపినవాడి శిరోమణి తెచ్చేదాకా నిరాహారంగా కూర్చుంది. అదే ద్రౌపది పోతన తెనిగించిన భాగవతంలో, అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ముందు నిలబెడితే విడిచిపెట్టమంటుంది. తనలాగే వాడి తల్లి కృపి కూడా కడుపుకోతతో ఏడవకూడదంటుంది. తెలుగువాళ్లు రెండు ద్రౌపదులనూ తమవాళ్లుగానే దాచుకున్నారు. కాబట్టి నేనడుగుతున్నది పగను నిషేధించమని కాదు. పగపట్టిన పాత్రకు వేరే దారి కూడా కనబడిందని, ఏ దారి ఎంచుకున్నా పోయినవాళ్లు తిరిగి రారని, ఎంచుకున్నదాని బరువు తనే మోస్తుందని చూపించమని అడుగుతున్నాను. న్యాయం దొరకని ప్రేక్షకుడికి ఇది ఊరటను తగ్గించదు. అతని బాధ రెండు గంటల్లో తీరిపోయేటంత చిన్నది కాదని ఒప్పుకుంటుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశ నుంచి వచ్చే విమర్శ కూడా ఉంది. 2021 చివర్లో ‘న్యూయార్కర్’ పత్రికలో విమర్శకురాలు పరుల్ సెహగల్, ఈనాటి ఇంగ్లీషు నవలలూ సీరియళ్లూ ప్రతి పాత్రకూ ఒక గాయాన్ని తగిలించి, దాన్నే మనిషిగా చూపిస్తున్నాయని నిలదీసింది. పాత్రలోని వింతలు, ఆశలు, హాస్యం అన్నీ పోయి లక్షణాల జాబితా మిగులుతోందన్నది ఆమె ఫిర్యాదు. ఆ మాటలో సత్యముంది, మన ఓటీటీ కథలు ఆ బాటే పడుతున్నాయి. ట్రామా, యాంగ్జైటీ అన్న మాటలు సంభాషణల్లోకి వచ్చేశాయి కాబట్టి అవగాహన పెరిగినట్టేనని సంతోషించేవారున్నారు. పేరు తెలియడం మంచిదే. సీతారామారావు కాలంలో ఆ పేరు తెలియక ఎంతమంది మౌనంగా నలిగిపోయారో మనకు లెక్క లేదు. అయితే పాత్ర నోట రోగం పేరు పలికించినంత మాత్రాన పాత్ర తయారవదు. దయానిధికి జబ్బు పేరేదీ బుచ్చిబాబు చెప్పలేదు, అయినా డెబ్బై ఏళ్లు దాటాక కూడా అతను మనకు తెలిసిన మనిషిలాగే ఉన్నాడు. కాబట్టి సెహగల్ వాదన గాయాల కథలు మానేయమనడానికి ఆధారం కాదు, వాటిని ఇంకా కష్టపడి రాయమనడానికి ఆధారం.

ఇదంతా సాహిత్య విమర్శకే పరిమితమైన చర్చ కాదు. 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేల్చింది. రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. డాక్టర్ల కొరత, ఖర్చు, దూరం ఇందుకు కారణాలే. వాటితోపాటు మనసు జబ్బు మనిషి అంటే ఎలా ఉంటాడన్న మన ఊహ కూడా ఒక కారణం. ఆ ఊహను మనకు ఇచ్చింది ఎక్కువగా సినిమాయే. తెర మీద గాయపడినవాడు పిచ్చిగా నవ్వే హంతకుడో, వందమందిని కొట్టే వీరుడో అయినప్పుడు, రాత్రిళ్లు నిద్రపట్టక అవస్థపడే ఇల్లాలికి తనది కూడా గాయమేనన్న ఆలోచన రాదు. భర్తకూ రాదు. నాకేమైనా పిచ్చా అన్న ప్రశ్నతోనే ఆమె డాక్టరు గడప తొక్కకుండా ఆగిపోతుంది.

కాబట్టి కథ రాసేవాళ్లనూ, తీసేవాళ్లనూ, సమీక్షించేవాళ్లనూ కొన్ని ప్రశ్నలు అడుగుదాం. ఫ్లాష్‌బ్యాక్‌లో ఏడ్చిన పిల్లవాడు ఆ తర్వాతి పదేళ్లు ఎలా బతికాడు? అతనికి అన్నం పెట్టిందెవరు, అతని మాట నమ్మిందెవరు? పగ తీర్చుకుని ఇంటికొచ్చిన రాత్రి అతనికి నిద్రపట్టిందా? అతను చంపినవాడి పిల్లవాడు ఎక్కడున్నాడు? సమీక్షలో పాటలకూ ఫైట్లకూ ఇచ్చే చోటులో కొంత ఈ ప్రశ్నలకు ఇస్తే నిర్మాతలు కూడా వింటారు. యువ రచయితలు తిక్కన యుద్ధానంతర పర్వాలనూ, గోపీచంద్‌నూ, బుచ్చిబాబునూ చదివితే కొత్త కథలకు కావలసిన ముడిసరుకు ఇంట్లోనే దొరుకుతుంది. బాధను బాధగా చూసి, తప్పును తప్పుగా చెప్పి, మనిషిని చివరిదాకా వదలకుండా వెంట నడిచే కథలు మనకు కావాలి. కత్తి పట్టకుండానే బతుకుతున్న లక్షలాది గాయపడిన మనుషులకు తమ కథ కూడా చెప్పదగినదేనన్న నమ్మకం అలాంటి కథల నుంచే వస్తుంది. ఆ నమ్మకం ఉన్నవాళ్లు నోరు విప్పుతారు, సాయం అడుగుతారు.